తిరుపతి నుంచే విదేశీ మార్కెట్‌కు: కొత్త స్టార్టప్‌లకు సమగ్ర మార్గదర్శి

తిరుపతిలో కొత్తగా స్టార్టప్ పెట్టినవాళ్లను కదిలిస్తే దాదాపు అందరి ప్లానూ ఒకటే. ముందు ఊళ్లో నిలదొక్కుకోవాలి, తర్వాత హైదరాబాద్, బెంగళూరు, అదంతా అయ్యాక అమెరికా సంగతి చూద్దాం అంటారు. ఇంట్లో పెద్దవాళ్లూ అదే చెబుతారు, ఇంట గెలిచి రచ్చ గెలవమని. ఆ మాట కొన్ని వ్యాపారాలకు ఇప్పటికీ సరైనదే. 1985లో మొదలై తిరుపతి దగ్గరి కరకంబాడి కేంద్రంగా ఎదిగిన అమరరాజా ముందు దేశంలో బలపడి, ఆ తర్వాతే బయటి దేశాలకు బ్యాటరీలు పంపింది. ఫ్యాక్టరీ, డీలర్లు, సర్వీస్ సెంటర్లు కావాల్సిన వస్తువుకు అదే దారి.

సాఫ్ట్‌వేర్, డిజైన్, ఇంజినీరింగ్ సేవలు, ప్రత్యేకమైన చిన్న పరికరాలు అమ్మేవాళ్ల పరిస్థితి వేరు. తిరుపతి నుంచి బెంగళూరు కస్టమర్‌ను పట్టడానికి పడే కష్టంతో నైరోబీ కస్టమర్‌నో, పెర్త్ కస్టమర్‌నో పట్టవచ్చు. చెన్నైలో 2010లో మొదలైన సాఫ్ట్‌వేర్ కంపెనీ ఫ్రెష్‌వర్క్స్‌కు మొదటి కస్టమర్ ఆస్ట్రేలియాలోని ఒక కాలేజీ. 2021లో ఆ కంపెనీ అమెరికా స్టాక్ ఎక్స్‌ఛేంజ్ నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. ఆ తొలి అమ్మకం కోసం ఆస్ట్రేలియాలో ఆఫీసు తెరవలేదు.

అందుకే నేను చెప్పేది ఇదీ. తొలి రెండేళ్లలోనే, ఇక్కడి నుంచే, ఒక్క దేశంలో కొద్దిమంది కస్టమర్లను సంపాదించండి. ఆఫీసు, అక్కడి కంపెనీ రిజిస్ట్రేషన్, ఫ్లయిట్ టికెట్లు అన్నీ ఆ తర్వాత.

త్వరగా ఎందుకు వెళ్లాలి

కంపెనీలు ముందు సొంత దేశంలో, తర్వాత పక్క దేశాల్లో, ఆ తర్వాత దూరదేశాల్లో మెట్టుమెట్టుగా విస్తరిస్తాయని 1977లో జొహాన్సన్, వాల్నే అనే స్వీడన్ పరిశోధకులు రాశారు. దాన్ని ఉప్సాలా మోడల్ అంటారు. 1990లలో, పుట్టిన మొదటి రోజుల నుంచే బయటి దేశాలకు అమ్మే చిన్న కంపెనీలు కనిపించడంతో వాటికి ‘బోర్న్ గ్లోబల్’ అన్న పేరు వచ్చింది. 2000లో ఫిన్లాండ్ ఎలక్ట్రానిక్స్ కంపెనీల మీద ఆటియో, సపియెంజా, అల్మీడా చేసిన పరిశోధనలో, చిన్న వయసులో బయటికి వెళ్లిన కంపెనీల విదేశీ అమ్మకాలు వేగంగా పెరిగినట్టు తేలింది. వాళ్లు చెప్పిన కారణం ఆలోచించదగ్గది. కొత్త కంపెనీకి ఇంకా అలవాట్లు పడవు కాబట్టి త్వరగా నేర్చుకుంటుంది.

దీన్ని మన దగ్గర రోజూ చూడొచ్చు. అయిదేళ్లు లోకల్ కస్టమర్లకే అమ్మిన సాఫ్ట్‌వేర్‌ను తెరిచి చూడండి. ఇన్‌వాయిస్‌లో జీఎస్‌టీ తప్ప వేరే పన్నుకు చోటుండదు. ఫోన్ నంబర్ పది అంకెలు దాటితే తీసుకోదు. తేదీ ఒకే పద్ధతిలో ఉంటుంది. సపోర్ట్ అంతా ఓనర్ వాట్సాప్‌లో నడుస్తుంది. అప్పుడు మార్చాలంటే సగం ప్రోడక్ట్ మళ్లీ రాయాలి. మొదటి ఏడాదిలోనే ఒక బయటి కస్టమర్ ఉంటే ఇవన్నీ పునాదిలోనే సరిపోతాయి.

ఇందులో రిస్క్ కూడా ఉంది, దాచిపెట్టడం భావ్యం కాదు. చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బు, మనుషులు రెండు మార్కెట్ల మధ్య చీలిపోతారు. త్వరగా వెళితే ఎదిగే అవకాశంతో పాటు మునిగే అవకాశమూ పెరుగుతుంది. కింద చెప్పే అడుగులన్నీ ఆ రెండోదాన్ని తగ్గించడానికే.

అడుగు 1: మీ సమస్య ఇంకెక్కడ ఉందో వెతకండి

చాలామంది ‘అమెరికాలో ఏం అమ్ముడవుతుంది’ అని మొదలుపెడతారు. మీకు బాగా తెలిసిన సమస్య ఇంకే దేశంలో ఇలాగే ఉందో వెతకడం మంచిదని నా అభిప్రాయం. మన ప్రాంతం నుంచే ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపిద్దాం.

చిత్తూరు చుట్టుపక్కల మామిడి పల్ప్ ఫ్యాక్టరీల సంగతి తెలిసిందే. జూన్, జులైలో తోతాపురి లోడ్లతో ట్రాక్టర్లు గేటు ముందు బారులు తీరతాయి. వేబ్రిడ్జ్ మీద తూకం వేసి రైతుకు స్లిప్పు ఇస్తారు. కాయ మాగి, గుజ్జుగా మారి, ఎసెప్టిక్ (క్రిములు లేకుండా శుద్ధి చేసిన) బ్యాగులో, ఆ బ్యాగు స్టీలు డ్రమ్ములో చేరుతుంది. సాధారణంగా డ్రమ్ముకు 215 కిలోల గుజ్జు పడుతుంది. డ్రమ్ము మీద బ్యాచ్ నంబరు, బ్రిక్స్ (తీపి కొలత), ఆమ్లత్వం, తయారీ తేదీ రాసిన లేబుల్ ఉంటుంది. ఆరు నెలల తర్వాత యూరప్ కొనుగోలుదారు మెయిల్ పెడతాడు: ఫలానా బ్యాచ్ ఏ తోటల కాయ, ఆ తోటల్లో ఏ మందులు కొట్టారు? జవాబు కోసం వేబ్రిడ్జ్ రిజిస్టరు, ప్రొడక్షన్ రిజిస్టరు, స్టోర్ రిజిస్టరు ముందేసుకుని కూర్చోవాలి.

ఆ స్లిప్పు నుంచి ఈ డ్రమ్ము వరకు లింకు కలిపే సాఫ్ట్‌వేర్‌ను తిరుపతిలో ముగ్గురు స్నేహితులు చేశారనుకుందాం. మొదటి కస్టమర్లు చిత్తూరు ఫ్యాక్టరీలే. అయితే ఇక్కడ సీజన్ రెండు నెలలు. మిగతా పది నెలలు కొత్త అమ్మకాలు ఉండవు, జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాలి. హైదరాబాద్‌కు వెళ్లినా అక్కడ చిత్తూరులోలా పల్ప్ ఫ్యాక్టరీలు లేవు. అదే ప్రశ్నకు జవాబు చెప్పలేక ఇబ్బంది పడే ఫ్యాక్టరీలు కెన్యా, ఈజిప్ట్, మెక్సికో, కొలంబియా, పెరూలో ఉన్నాయి. కెన్యా, పెరూల్లో మామిడి ముఖ్యంగా మన శీతాకాలంలో వస్తుంది. అంటే మనకు పని లేని నెలల్లోనే వాళ్లకు పని. ఈ కంపెనీకి విదేశీ మార్కెట్ ఏడాది పొడవునా బతకడానికి కావాల్సిన ఆధారం.

మీ ప్రోడక్ట్‌ను కూడా ఇలాగే పరీక్షించండి. సమస్య అక్కడా ఉందా, దానికి వాళ్లు ఇప్పటికే ఏదో రూపంలో డబ్బు ఖర్చు పెడుతున్నారా, మీరు అక్కడికి వెళ్లకుండా ప్రోడక్ట్ పనిచేయించగలరా? మూడో ప్రశ్నకు జవాబు ‘లేదు’ అయితే కొన్నాళ్లు ఆగండి.

అడుగు 2: ఒకే దేశం, ఒకే రకం కస్టమర్

పై కంపెనీ ఏ దేశంతో మొదలుపెట్టాలి? పల్ప్ పరిమాణంలో మెక్సికో పెద్దది. కానీ మెక్సికో నగరం మనకంటే పదకొండున్నర గంటలు వెనక, అక్కడ వ్యాపారం స్పానిష్‌లో నడుస్తుంది. కెన్యా చిన్న మార్కెట్, కానీ ఇంగ్లిష్ అధికార భాష, టైమ్ తేడా రెండున్నర గంటలే. అక్కడివాళ్ల ఆఫీసు టైమ్‌లో మనవాళ్లూ మేలుకునే ఉంటారు. నేనైతే కెన్యానే ఎంచుకుంటాను. మొదటి దేశం నేర్చుకోవడానికి, పెద్ద మార్కెట్ రెండోసారి.

టైమ్ తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, సింగపూర్ రెండున్నర గంటలు ముందు, లండన్ కాలాన్ని బట్టి నాలుగున్నర లేదా అయిదున్నర గంటలు వెనక. ఇవన్నీ సాయంత్రం ఏడు లోపు సర్దుకునేవే. న్యూయార్క్ తొమ్మిదిన్నర, పదిన్నర గంటల తేడా. ముగ్గురు మనుషుల కంపెనీలో ఒకరు నెలల తరబడి రాత్రి మేలుకుంటే ఆరోగ్యం, పని రెండూ దెబ్బతింటాయి.

ఇంకో విషయం గట్టిగా చెప్పాలి. మన తెలుగువాళ్లు డల్లాస్‌లోనూ న్యూజెర్సీలోనూ ఉన్నారు, కువైట్‌లో మన రాయలసీమవాళ్లు బోలెడంతమంది. మొదటి ఆర్డర్లు బావమరిది నుంచో, కాలేజీ సీనియర్ నుంచో వస్తే సంతోషించండి, కానీ వాటిని మార్కెట్ అని లెక్కేసుకోకండి. అభిమానంతో కొన్నవాళ్లు లోపాలు చెప్పరు, రెన్యువల్ దగ్గర మౌనంగా తప్పుకుంటారు. వాళ్లను అడగాల్సిన సాయం వేరు: మీ ఆఫీసులో ఈ పని చూసే మనిషిని పరిచయం చేయండి అని. మిమ్మల్ని ఎరగని మనిషి డబ్బు కట్టిన రోజే మీకు ఆ దేశంలో మొదటి కస్టమర్ దొరికినట్టు.

అడుగు 3: అమ్మే ముందు మాట్లాడండి

ఎంచుకున్న దేశంలో మీ రకం కస్టమర్ల జాబితా రాయండి. పల్ప్ లాంటి రంగాల్లో అది చిన్నదే. ఫ్యాక్టరీల వెబ్‌సైట్లు, లింక్డ్‌ఇన్, ఎగ్జిబిషన్ల ఎగ్జిబిటర్ల జాబితాలు చాలు. ఆహార రంగానికి దుబాయ్‌లో ఏటా జరిగే గల్ఫుడ్, కొలోన్‌లో బేసి సంవత్సరాల్లో జరిగే అనుగా, పారిస్‌లో సరి సంవత్సరాల్లో జరిగే సియాల్ పెద్దవి. స్టాల్ తీసుకునే డబ్బు మొదట్లో ఖర్చు పెట్టొద్దు. జాబితా తీసుకుని మెయిల్ పెట్టండి. ఒకవేళ వెళ్లినా విజిటర్ పాస్ సరిపోతుంది.

మొదటి మెయిల్ నాలుగు వాక్యాలు దాటకూడదు. ‘మేము ఇండియాలో ప్రముఖ సంస్థ’ అని మొదలుపెట్టే మెయిళ్లు వాళ్లకు రోజూ వస్తాయి. మన ఉదాహరణలో ఇలా రాయొచ్చు: యూరప్ కొనుగోలుదారు బ్యాచ్ వివరాలు అడిగినప్పుడు మీ జవాబు ఎన్ని రోజుల్లో వెళుతోంది? చిత్తూరు దగ్గర ఒక పల్ప్ ఫ్యాక్టరీలో ఆ పని ఇప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్న ఒక్క మనిషి చేస్తున్నాడు. ఎలాగో చూపించడానికి ఇరవై నిమిషాలు ఇస్తారా? దానికి జతగా వేబ్రిడ్జ్ స్లిప్పు, డ్రమ్ము లేబులు పక్కపక్కన ఉన్న ఒక్క ఫొటో. ఆ రంగంలో ఉన్న మనిషికి ఆ ఫొటో చూడగానే విషయం అర్థమవుతుంది. ఫ్యాక్టరీ అనుమతి తీసుకుని, రైతు పేరు కనపడకుండా చేసి పంపండి.

కాల్‌లో డెమో మొదలుపెట్టే ముందు వాళ్ల పద్ధతి అడగండి. కాయ ఎవరు తెస్తారు, తూకం ఎవరు రాస్తారు, కొనుగోలుదారు ఏ ఫార్మాట్‌లో అడుగుతాడు? మన దగ్గర రైతు నేరుగా ఫ్యాక్టరీకి లోడు తెస్తే, ఇంకో చోట మధ్యలో ఏజెంటు పది తోటల కాయ కలిపి తేవచ్చు. అలాంటి చోట ‘ఒక స్లిప్పుకు ఒక రైతు’ అని రాసుకున్న ప్రోగ్రామ్ మొదటి రోజే చేతులెత్తేస్తుంది. ఈ తేడాలు కాల్‌లో బయటపడితే ఖర్చు ఒక గంట, డెలివరీ తర్వాత బయటపడితే ఒక కస్టమర్.

పైలట్ (కొన్నాళ్లు వాడి చూసే ప్రయోగం) ఉచితంగా ఇవ్వకండి. తక్కువైనా సరే, డబ్బు తీసుకోండి. డబ్బు కట్టిన ఫ్యాక్టరీలో దాన్ని వాడమని అడిగే మేనేజర్ ఒకడు ఉంటాడు.

అడుగు 4: కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి

ఇది చాలామంది భయపడే భాగం. నిజానికి ఇది కష్టం కంటే ఓపిక అడిగే పని. ఆడిటర్‌తో ఒక పూట కూర్చుంటే దారి తెలుస్తుంది.

మొదటిది ఐఈసీ, అంటే ఇంపోర్ట్ ఎక్స్‌పోర్ట్ కోడ్. విదేశీ వాణిజ్యం చూసే కేంద్ర ప్రభుత్వ విభాగం డీజీఎఫ్‌టీ వెబ్‌సైట్‌లో అప్లై చేస్తారు, ఫీజు 500 రూపాయలు. వస్తువులు పంపేవాళ్లకు తప్పనిసరి, సేవలు మాత్రమే ఇచ్చేవాళ్లకు ప్రభుత్వ ప్రోత్సాహకాలు కావాలంటే అవసరం. ఏటా ఏప్రిల్, జూన్ మధ్య వివరాలు అప్‌డేట్ చేయాలి. మార్పులేమీ లేకపోయినా ‘మార్పు లేదు’ అని నమోదు చేయాల్సిందే, లేదంటే కోడ్ డీయాక్టివేట్ అవుతుంది.

రెండోది జీఎస్‌టీ. ఎగుమతులు జీరో రేటెడ్, అంటే వాటి మీద పన్ను సున్నా. ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్, అంటే హామీ పత్రం) దాఖలు చేస్తే ఐజీఎస్‌టీ (రాష్ట్రం, దేశం దాటే అమ్మకాల మీద జీఎస్‌టీ) కట్టకుండానే బిల్లు వేయొచ్చు, మీరు కొన్నవాటి మీద కట్టిన పన్నుకు రీఫండ్ అడగొచ్చు. ఎల్‌యూటీకి ఫారం ఆర్‌ఎఫ్‌డీ-11, ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా వేయాలి. మార్చిలోనే క్యాలెండర్‌లో పెట్టుకోండి. విదేశీ బిల్లు మీద కస్టమర్ పూర్తి చిరునామా, కరెన్సీ, మీ బ్యాంకు స్విఫ్ట్ కోడ్, ఎల్‌యూటీ దరఖాస్తుకు వచ్చిన ఏఆర్‌ఎన్ నంబరు, ‘ఎల్‌యూటీ కింద ఐజీఎస్‌టీ చెల్లించకుండా ఎగుమతి’ అన్న వాక్యం ఇంగ్లిష్‌లో ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేక రీఫండ్ దగ్గర టెన్షన్ పడటం ఎందుకు?

మూడోది బ్యాంకు. విదేశీ సొమ్ము వచ్చినప్పుడు ఏ పని కోసమో తెలిపే పర్పస్ కోడ్ ఇవ్వాలి, వచ్చినట్టు ఎఫ్‌ఐఆర్‌ఏ లేదా ఎఫ్‌ఐఆర్‌సీ పత్రం తీసుకుని భద్రపరచాలి. రేపు జీఎస్‌టీ రీఫండ్‌కైనా, ఇన్వెస్టర్ తనిఖీకైనా అదే సాక్ష్యం. ఎగుమతి డబ్బు ఫెమా (విదేశీ మారక చట్టం) గడువులోగా దేశానికి చేరాలి. సాఫ్ట్‌వేర్ ఎగుమతులను సాఫ్టెక్స్ ఫారంతో ప్రకటించే పద్ధతి కూడా ఉంది. తిరుపతిలోనే ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్క్స్ ఆఫ్ ఇండియా) కేంద్రం ఉంది కాబట్టి మీ సేవ దాని కిందికి వస్తుందేమో వెళ్లి అడగండి.

ఇక బ్రాండ్ పేరు. ఇండియాలో ట్రేడ్‌మార్క్ దరఖాస్తు చేసిన ఆరు నెలల్లోపు బయటి దేశాల్లో వేస్తే మొదటి తేదీ ప్రాధాన్యం దొరుకుతుంది. 2013 నుంచి మాడ్రిడ్ విధానం (ట్రేడ్‌మార్క్‌ల అంతర్జాతీయ ఏర్పాటు) ద్వారా ఒకే దరఖాస్తుతో పలు దేశాలను ఎంచుకోవచ్చు.

అడుగు 5: ధర, డబ్బు రాక

లోకల్ రూపాయి ధరను డాలర్ రేటుతో భాగించి పంపడం పెద్ద పొరపాటు. చిత్తూరులో సీజన్‌కు ఇంత అని మాట్లాడుకున్న ధరలో మీరు పక్కనే ఉన్నారన్న ధీమా కలిసి ఉంటుంది. అక్కడ మీరు సపోర్ట్‌కు మనిషిని పెట్టాలి, బ్యాంకు చార్జీలు భరించాలి, కరెన్సీ తేడా మోయాలి. పైగా మరీ తక్కువ ధర చూస్తే కొనేవాడికి అనుమానం వస్తుంది. ఆ సమస్య వల్ల అతనికి ఏటా ఎంత పోతోందో కాల్‌లోనే తెలుసుకుని, అందులో కొంత భాగంగా ధర చెప్పండి.

కొన్ని దేశాల్లో కస్టమర్ మీకు పంపే ముందే పన్ను కోస్తాడు. ఆ దేశంతో మనకు ద్వంద్వ పన్ను ఒప్పందం ఉంటే, ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే టీఆర్‌సీ (మీరు ఇక్కడ పన్ను కట్టే నివాసి అన్న పత్రం) చూపించి కోతను తగ్గించుకోవచ్చు, కోసినదానికి ఇక్కడ క్రెడిట్ అడగవచ్చు. అమెరికా కస్టమర్లు డబ్ల్యూ-8బెన్-ఈ ఫారం (మీది అమెరికా కంపెనీ కాదని తెలిపేది) అడుగుతారు, కంగారు పడక్కర్లేదు. ధర మాట్లాడేటప్పుడే ‘పన్ను కోత పోను చేతికి ఇంత’ అని రాతలో పెట్టండి.

కార్డుతో నెలనెలా కట్టే చందాలైతే పేమెంట్ గేట్‌వే ముందే చూసుకోండి. స్ట్రైప్ 2024లో ఇండియాలో కొత్త ఖాతాలను ఆహ్వానం ఉన్నవాళ్లకే పరిమితం చేసింది. పాడిల్ లాంటి ‘మర్చంట్ ఆఫ్ రికార్డ్’ సంస్థలు తమ పేరుతో అమ్మి, యూరప్ వ్యాట్, అమెరికా రాష్ట్రాల సేల్స్ ట్యాక్స్ తామే కట్టి, మిగిలింది మీకు పంపుతాయి. కమిషన్ ఎక్కువనిపిస్తుంది. కానీ 2018లో అమెరికా సుప్రీంకోర్టు వేఫేర్ కేసు తీర్పు తర్వాత, చాలా రాష్ట్రాల్లో ఏడాదికి లక్ష డాలర్ల అమ్మకం దాటితే అక్కడ ఆఫీసు లేకపోయినా సేల్స్ ట్యాక్స్ బాధ్యత వస్తోంది. ఆ లెక్కలు చూసే అకౌంటెంట్ ఫీజుతో పోలిస్తే ఆ కమిషన్ నయం.

యూరప్‌లో మనుషుల వ్యక్తిగత వివరాలు నిల్వచేసే ప్రోడక్ట్ అయితే 2018 నుంచి అమల్లో ఉన్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ తిరుపతిలో ఉన్న కంపెనీకీ వర్తిస్తుంది. అవసరం లేని డేటా అసలు తీసుకోకపోవడమే చిన్న కంపెనీకి మంచి రక్షణ.

వస్తువులు పంపేవాళ్లకు

మామిడి తాండ్ర, శ్రీకాళహస్తి కలంకారీ లాంటివి అమ్మేవాళ్లకు ఇంకొన్ని మెట్లున్నాయి. విదేశీ లావాదేవీలు చూసే మీ బ్యాంకు శాఖ ఏడీ కోడ్‌ను కస్టమ్స్ పోర్టల్ ఐస్‌గేట్‌లో పోర్టు వారీగా నమోదు చేయాలి. పండ్ల ఉత్పత్తులకు అపెడా (వ్యవసాయ ఎగుమతుల సంస్థ) రిజిస్ట్రేషన్, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) లైసెన్స్ కావాలి. అమెరికాకు తిండి పదార్థాలు పంపాలంటే తయారీ కేంద్రాన్ని అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏలో నమోదు చేసి, అమెరికాలో ఒక ఏజెంటును చూపించాలి. సరి సంవత్సరాల్లో అక్టోబరు, డిసెంబరు మధ్య రెన్యువల్.

800 డాలర్ల లోపు పార్సిళ్లకు అమెరికాలో ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఆగిపోయింది. ఆన్‌లైన్‌లో కలంకారీ దుపట్టాలు అమ్మేవాళ్లు సుంకం ఎవరు కట్టాలో వెబ్‌సైట్‌లోనే స్పష్టంగా రాయాలి. యూఏఈతో 2022 మే నుంచి, ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరు నుంచి వాణిజ్య ఒప్పందాలు అమల్లో ఉన్నాయి. సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్ (వస్తువు ఇండియాలో తయారైందన్న పత్రం) జతచేస్తే అర్హత ఉన్న వస్తువులకు సుంకం తగ్గుతుంది. చిన్న పార్సిళ్లకు పోస్టాఫీసు డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రాలు ఉన్నాయి. కంటైనర్ స్థాయికి వచ్చాక, తెలియని కొనుగోలుదారుకు అప్పు మీద పంపే ముందు కొనేవాడు డబ్బు ఎగ్గొడితే ఆదుకునే ప్రభుత్వ సంస్థ ఈసీజీసీ బీమా తీసుకోండి.

అడుగు 6: మనిషిని పెట్టండి, మాట నిలబెట్టుకోండి

మొదటి విదేశీ కస్టమర్ ఖాతా ఫౌండరే చూసుకోవాలి. సేల్స్ మనిషికి అప్పజెబితే వచ్చే ఫిర్యాదు ప్రోడక్ట్ దాకా చేరేసరికి సగం అర్థం పోతుంది. అక్కడి సీజన్ నెలల్లో ఇక్కడ సంక్రాంతి వస్తుంది, ఆ మూడు రోజులు ఎవరు ఫోన్ ఎత్తుతారో ముందే చెప్పండి. వాళ్ల సెలవులు మన క్యాలెండర్‌లో ఉండాలి. వాట్సాప్‌లో తేలిన ప్రతి ఒప్పుకోలునూ అదే రోజు మెయిల్‌లో రాసి పంపండి. సపోర్ట్‌కు తిరుపతిలోనే మంచి పిల్లలు దొరుకుతారు. రేణిగుంటలో జోహో, ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ, మహిళా యూనివర్సిటీ, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉన్న చోట మనుషుల కొరత ఉండదు. వాళ్లకు కావాల్సింది ఇంగ్లిష్ యాస కంటే ఆ ఫ్యాక్టరీ పని మీద అవగాహన. చేరిన వారంలోనే చిత్తూరు తీసుకెళ్లి ఒక రోజంతా వేబ్రిడ్జ్ దగ్గర నిలబెట్టండి.

అడుగు 7: అక్కడ కంపెనీ ఎప్పుడు పెట్టాలి, ఎప్పుడు వెనక్కి రావాలి

మొదటి డాలర్ రాకముందే అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో కంపెనీ రిజిస్టర్ చేయించడం ఫ్యాషన్ అయింది. ఏటా అక్కడ ఫైలింగులు, ఇక్కడ ఫెమా నిబంధనలు, రెండు చోట్లా ఆడిటర్ల ఫీజులు. వెనక్కి రావడం ఎంత ఖరీదో ఫోన్‌పే చూపించింది. 2022లో సింగపూర్ నుంచి ఇండియాకు మారినప్పుడు దాదాపు 8,000 కోట్ల రూపాయల పన్ను పడింది. పెద్ద కస్టమర్ లోకల్ కంపెనీతోనే ఒప్పందం చేస్తానన్నా, విదేశీ ఇన్వెస్టర్ కచ్చితంగా అడిగినా, అక్కడ ఉద్యోగిని పెట్టాల్సి వచ్చినా అప్పుడు ఆలోచించండి.

వెనక్కి రావడానికి గీత కూడా ముందే గీసుకోవాలి. ఓలా 2018లో ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, బ్రిటన్‌లకు వెళ్లి 2024లో మూడింటి నుంచీ తప్పుకుంది. అంత పెద్ద కంపెనీ తట్టుకోగలిగింది, ముగ్గురి కంపెనీ తట్టుకోలేదు. మన ఉదాహరణలో ఆ గీత ఇలా ఉండొచ్చు: కెన్యాలో ఒక సీజన్ పూర్తయ్యేసరికి పరిచయం లేని మూడు ఫ్యాక్టరీలు డబ్బు కట్టాలి, అందులో రెండు వచ్చే సీజన్‌కు అడ్వాన్స్ ఇవ్వాలి. ఇస్తే ఈజిప్ట్ జాబితా తీయండి. ఇవ్వకపోతే ఎందుకు కొనలేదో ఆ ఫ్యాక్టరీలను ఒక్కొక్కటిగా అడిగి రాసుకోండి, ప్రోడక్ట్ సరిచేసి జూన్‌లో చిత్తూరు సీజన్ మొదలయ్యేలోపు ఇక్కడి ఫ్యాక్టరీల్లో పెట్టి చూడండి, నవంబరులో మళ్లీ నైరోబీకి ఫోన్ చేయండి.